గాలి ఆడని పిల్ల

ఎదురింటి పెద్దవ్వ పోయిందని బోధన్ నుంచి తమ్ముడు వచ్చి చెప్పాడు. "నిజమేనా? నువ్వు కండ్లార సూసినవా?" అని అడిగాను. ఏడుస్తున్నవాడు కాస్తా నవ్వేశాడు. ఏం చెయ్యను, నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. ఆమెనూ చాలాకాలం నమ్మలేదు.

అరవైల మొదట్లో మా అక్క కాన్పులో పోయింది. నాకప్పుడు పదహారేళ్లు. తిండి సయించేది కాదు, నోట మాట వచ్చేది కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. వీధంతా బండ్ల చప్పుడు. నేనేమో మూల గదిలో గోడకేసి చూస్తూ పడుకునేదాన్ని. పిల్లకు గాలి సోకిందని వాడకట్టంతా తేల్చేసింది. సిరికొండ అడవుల దిక్కు ఒక మంత్రగాడు వేపమండలతో కొట్టి దించుతాడట. బాపు బండి మాట్లాడాడు.

బండి వచ్చిన పొద్దున పెద్దవ్వ బీడీల చాటతో సహా వచ్చి మా గడపలో అడ్డంగా కూర్చుంది.

"గాలి సోకుడు కాదు తమ్మీ, పిల్లకు గాలి ఆడుతలేదు! తలుపులు మూసి పెడితిరి. అక్క పేరు గూడ తియ్యనిస్తలేరు."

"నీకేం ఎరుక? జరుగు!" అని బాపు అరిచాడు.

"జరుగ. పున్నం దాక పిల్లను నాకు ఇడిసిపెట్టు."

ఆ పొద్దున బండి ఖాళీగానే తిరిగిపోయింది. ఆ మొండితనానికి నేనెంత రుణపడి ఉన్నానో అప్పుడు తెలియలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరి, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అడగరు. అదే నాకు మరీ అనుమానం. వీళ్లకు నాతో ఏం పని? కూపీ లాగి ఊరంతా చెప్పుకోవడానికేనా? పెద్దవ్వ ఇచ్చిన చాయ్ కూడా వాసన చూసేదాన్ని. "తాగు బిడ్డా, అండ్ల మందు మాకు కలుపలే" అని తనే ఓ గుక్క తాగి ఇచ్చేది.

ఒకనాడు మాటల్లో ఎవరో అక్క పేరెత్తారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. "ఏడువు బిడ్డా, ఎంతుంటే గంత ఏడువు" అంది పెద్దవ్వ. ఆ పూట అన్నం అడిగి తిన్నాను. బాపు మళ్లీ బండి ఊసెత్తలేదు.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? పెళ్లయి కంఠేశ్వర్‌కు కాపురానికి వచ్చేముందు అడిగేశాను. "పెద్దవ్వా, నేను నీకు సుట్టాన్ని గూడ కాదు. నా మీద ఎందుకింత ప్రేమ, ఇంత పావురం?"

ఆమె తలెత్తలేదు.

"నాకూ ఒక బిడ్డ ఉండె. గాలి సోకిందన్నరు. నేను నమ్మిన. పోయేటప్పుడు ఇద్దరం పోయినం. వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వచ్చిన."

చాటలోంచి ఒక ఆకు తీసింది. తంబాకు వెయ్యకుండానే చుట్టి, దారం కట్టి, పక్కన పెట్టింది.