సేఠ్ కారుకు చీర చుట్టిన ఆదివారం

ఆ రోజుల్లో మా బమ్రోలి గదిలో గుసగుసలాడటం ఎవరికీ చేతకాదు. ఉప్పు అందించమన్నా దొంగను పట్టుకోమన్నట్టే అరిచేవాళ్ళం. మాది పోట్లాడుకునే కుటుంబం కాదు, సాంచాల కుటుంబం (మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు). రోజుకు పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడి వచ్చినవాళ్ళు ఇంకెలా మాట్లాడతారు? తొంభైల మొదట్లో సూరత్‌లో మా గల్లీ గల్లీ అంతా ఇలాగే ఉండేది కాబట్టి మాకు ఏ అనుమానమూ రాలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పదిహేనో ఏట సాంచా ముందు నిలబడ్డవాణ్ణి, అక్కడే ముసలివాణ్ణయిపోతానని భయం పట్టుకుంది. టెంపో నడిపే దోస్తు దగ్గర స్టీరింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తీశాను. సరిగ్గా అప్పుడే మా షెడ్డు యజమాని సేఠ్ పాత కారు లారీలా మోత మొదలుపెట్టింది. రోజూ దాంట్లో గుడికి వెళ్ళే వాళ్ళమ్మ (అందరికీ ఆమె ‘బా’) చెవులు మూసుకుని ఇక ఎక్కనని కూర్చుందట. నేను ముందుకు దూకి, నేను బాగుచేస్తానన్నాను. "అవాజ్ బంద్ కర్, సోమ్‌వార్ సే డ్రైవర్ తూ," అన్నాడు సేఠ్. మోత ఆపితే సోమవారం నుంచి సాంచా లేదు! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆదివారం సాంచాల షెడ్లకు కరెంటు సెలవు. కారును మా గల్లీకి తెచ్చుకున్నాను. చప్పుడు బాగా వినబడుతుందని కావాలనే ఆ రోజు పెట్టుకున్నాను (నా తెలివికి నేనే మురిసిపోయాను). వెనక పైపును తడిగుడ్డతో మూస్తే చిల్లు ఉన్నచోట పొగ బుస్సుమంటుందని దోస్తు చెప్పాడు. అవ్వ (మా అమ్మ) గుడ్డ పట్టుకుంది, బాపు (మా నాన్న) పెళ్ళికొడుకులా కూర్చుని రేసు తొక్కాడు, నేను గోనెసంచి పరుచుకుని కారు కింద దూరాను. దొరికింది! సైలెన్సర్‌కు జానెడు ముందు, పైపుకు బొటనవేలు దూరేంత చిల్లు.

"దారం తెగితే ముడేస్తం, పైపుకు పొక్క పడితే గుడ్డ సుడుతం. గింతే గదా!" అన్నాడు బాపు. అవ్వ డ్యామేజీ చీర ముక్క తెచ్చింది. దాన్ని ఎంత అందంగా చుట్టి ముడేశానంటే, అట్లాంటి ముడి ఏ మెకానిక్కూ వేయలేడు. అయిదు నిమిషాలకు చీర కరిగి బెల్లం పాకంలా కారింది. గల్లీ అంతా ముక్కులు మూసుకుని బయటికొచ్చింది. సూరత్‌లో మేం నేసేది అచ్చంగా పాలిస్టరని ముగ్గురికీ తెలుసు, ముగ్గురం కలిసే మర్చిపోయాం.

"నా బతుకు సాంచాలకే రాసుంది, అవ్వా!" అని అక్కడే కూలబడ్డాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"జర ఊపిరి తీస్కో. ఏడిస్తే పైపు అతుకుతదా?" అని అవ్వ చెంబెడు నీళ్ళిచ్చింది.

గంటసేపు ఆ పాకం గీకాను. పల్లీనూనె డబ్బా రేకు కత్తిరించి, లోపల సైలెన్సర్ పేస్టు పూసి, పైపుకు చుట్టి, రెండు క్లిప్పులు బిగించాను. ఆరనిచ్చి స్టార్ట్ చేశాను. నా చెవికి పిల్లి గురకంత వినబడింది. అయినా నా ఒక్కడి మాట చాలదని అందరినీ అడిగాను.

"ఏం సప్పుడు? స్టార్టు అయిందా అసల్?" అంది అవ్వ. బాపు తలాడించాడు. పక్కగది మామ బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, నడుస్తోందని తేల్చాడు. నలుగురివీ కలిపితే డెబ్బై ఏళ్ళ సాంచా అనుభవం. అంతకంటే పెద్ద పంచాయతీ ఏముంటుంది?

బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్కన కూర్చున్నాడు. తాపీ నది వంతెన మీద జనం ఆగి ఆగి మావైపు చూశారు. "కారుల పోతుంటే సూడరా మల్ల!" అని బాపు వాళ్ళకు చెయ్యి కూడా ఊపాడు. అమ్రోలిలో సేఠ్ వీధి తిరిగేసరికి బా అప్పటికే మేడ మీద రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది.

"అరె, నాకే సే సునాయీ దే రహా హై!" అని పరుగెత్తుకొచ్చాడు సేఠ్. వీధి మొదటినుంచే వినబడుతోందట.

"సప్పుడు యాడుంది సేఠ్?" అని బాపు గట్టిగా అరిచాడు. బా మళ్ళీ చెవులు మూసుకుంది.

సేఠ్ వంగి సైలెన్సర్ పైభాగాన్ని గుడ్డతో తుడిచి, దానికంటిన తుప్పు చూపించాడు. పైన జల్లెడలా ఉంది. అటువైపు నేను చూడనే లేదు, నా చెవి చూడమని చెప్పనూ లేదు. అప్పుడు సేఠ్ ఇంజను ఆపించి నన్నేదో మెల్లగా అడిగాడు. పెదవులు కదలడం కనిపించింది. "జీ?" అన్నాను. మళ్ళీ అడిగాడు. "జీ?" అన్నాను. మూడోసారి అడగలేదు. నా భుజం తట్టి, తాళంచెవి తీసుకున్నాడు. హారన్ వినబడనివాడికి తల్లిని ఎవరు అప్పగిస్తారు? సోమవారం పొద్దున మళ్ళీ సాంచా ముందు నిలబడ్డాను. ఆ తర్వాత పాతికేళ్ళు నిలబడే ఉన్నాను.

మొన్న మా అమ్మాయి బలవంతం చేస్తే చెవికి మిషను పెట్టించుకున్నాను. ఇంటికొచ్చి కూర్చోగానే నెత్తిమీద గడగడా ఒకటే మోత. "ఈ ఫ్యాను గిట్ల మోగుతుందేందే?" అని మా ఆవిడను అడిగాను.

"ఇరవై ఏండ్ల సంది చెప్తున్న!" అంది.

లేచి ఫ్యాను ఆపి, స్క్రూడ్రైవర్ కోసం వెతికాను. కారు కింద గోనెసంచి మీద పడుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, వాడు మూసిన చిల్లు మాత్రం బాగానే మూశాడు.