హారన్ ఏ మలుపు నుంచి మోగింది?

ఆ సోమవారం పొద్దున టైర్ల వ్యాపారి ఫోన్ చేశాడు. ఎత్తి "హలో, హలో" అని అరిచి, సిగ్నల్ లేదని విసుక్కుని పెట్టేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ విసుక్కున్నాను. మూడోసారి కుడి చేతిలో కూరగాయల సంచి ఉండడంతో ఫోన్ ఎడమ చెవికి పెట్టుకున్నాను. "మేడం, నేను ఇందాకటి సంది మాట్లాడుతనే ఉన్న" అన్నాడు పాపం. కుడి చెవికి మార్చి చూశాను. ఏమీ లేదు. చెవిలో ఎవరో దూది కుక్కి వెళ్లిపోయినట్టు ఉంది.

ఎవరైనా భయపడాలి కదా. నేను పడలేదు. ఎందుకు పడలేదో చెప్పాలంటే ముందు నా పని గురించి చెప్పాలి.

నా పేరు శారద. నేనూ నా భర్త మహేందరూ యాప్రాల్ దాటాక లీజుకు తీసుకున్న స్థలంలో కార్ డ్రిఫ్టింగ్ పార్కు నడుపుతున్నాం. డ్రిఫ్టింగ్ అంటే కారు వెనక చక్రాలను కావాలని జారించి, మలుపులో కారును అడ్డంగా పోనివ్వడం. రోడ్డు మీద ఎవరైనా అలా చేస్తే మనమే బూతులు తిడతాం. మా దగ్గర టికెట్ కొని మరీ చూస్తారు. శని, ఆదివారాల్లో డ్రైవర్లు సొంత కార్లతో వస్తారు. జనం గ్యాలరీలో కూర్చుని ఈలలు వేస్తారు. మహేందర్ కింద ట్రాక్ మీద ఉంటాడు. నేను టవర్ మీద ఉండేదాన్ని. టవర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ఇనుప మెట్లెక్కితే ఒక రేకుల గది, ఒక మైకు, రెండు స్విచ్‌లు.

మా ట్రాక్‌కు రెండు పెద్ద మలుపులు, టవర్‌కు కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. టైర్లు కాలి పొగ లేచిందంటే రెండూ కనబడవు. జనానికి ఆ పొగే ముద్దు. పొగలో ఎవరి కారైనా గిర్రున తిరిగి ఆగిపోతే ఆ డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయకూడదు, అది మా పార్కు రూలు. హారన్ ఏ మలుపు నుంచి వస్తోందో టవర్ మీది మనిషి చెవితో పట్టుకుని ఆ మలుపు దగ్గర ఎర్రలైటు వేయాలి. రెండు లైట్లూ వేస్తే, జంటగా దూసుకొచ్చే కార్లు ఉన్నపళంగా బ్రేకులు కొట్టి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయని ఒక్కటే వేసేవాళ్లం. పార్కు తెరిచిన దగ్గర్నుంచీ ఆ పని నాదే. హారన్ వినబడదేమోనని చెవులకు మోత ఆపే మఫ్స్ కూడా పెట్టుకునేదాన్ని కాదు.

ఆ మోతలో ఆదివారం సాయంత్రానికి అందరి చెవులూ మూసుకుపోయేవి. మర్నాటికి తెరుచుకునేవి. సోమవారం ఒకరికొకరం ఫోన్ చేసుకుంటే మా పలకరింపే అది. "చెవి ఇప్పిందా?" అంటాం, ఇంకొకరు "ఇంక ఇప్పలే" అని నవ్వుతారు. అందరికంటే ఆలస్యంగా తెరుచుకున్నవాడు ఆ వారం మొనగాడు. అందుకే టైర్ల వ్యాపారి గొంతు నా కుడి చెవికి అందనప్పుడు, ఈ వారం మొనగాడిని నేనే అనుకున్నాను.

మంగళవారానికీ తెరుచుకోలేదు. ముక్కు మూసుకుని గాలి ఊదాను, బబుల్‌గమ్ నమిలాను. మహేందర్ నా మొహంలోకి చూసి, "ఏందే, గంత గట్టిగ ఒర్రుతున్నవ్? నేను పక్కనే ఉన్న కదా" అన్నాడు. మెడికల్ షాపులో అడిగితే గులిమి కరిగే చుక్కలు ఇచ్చారు. తరువాత వీధి చివరి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన లైటు వేసి చూసి, "కొద్దిగా వ్యాక్స్ ఉంది. జలుబు కూడా ఉన్నట్టుంది. వారం వాడండి" అని మాత్రలు రాశాడు. వారం వాడాను. ఆ వారంలోనే చెవిలో కూత మొదలైంది. మిక్సీ ఆన్ చేసి ఎవరో పక్కింటికి వెళ్లిపోయినట్టు ఒకటే మోత, ఆపే దిక్కు లేదు.

తరువాతి శనివారం టవర్ మెట్లెక్కబోతే మొదటి మెట్టు పక్కకు జరిగింది. మెట్టు ఎక్కడికీ జరగలేదని నాకు తెలుసు. అయినా రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాను. కళ్లు మూసినా తెరిచినా లోకం గిరగిరా తిరుగుతోంది. మహేందర్ షో ఆపించి నన్ను కారులో వేసుకుని సికింద్రాబాద్‌లో ఒక ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లాడు. మెట్టుగూడ దాకా తల కిటికీకి ఆనించి ఏడుస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ నా వయసు మనిషి. ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి నా నుదుటి మధ్య పెట్టింది.

"ఏ చెవిలో వినిపిస్తోంది?"

"ఎడమ."

"బాగున్న చెవిలోనే కదా?"

"అవును మేడం."

ఆమె ముఖం మారింది. ఫోర్క్ పక్కన పెట్టి, "ఎన్ని రోజులైంది?" అని అడిగింది. రెండు వారాలు కావస్తోందని మహేందర్ చెప్పాడు. ఆమె వెంటనే ఆడియోమెట్రీకి చీటీ రాసింది.

ఆడియోమెట్రీ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వస్తే బటన్ నొక్కమన్నారు. ఎడమ చెవికి టకటకా నొక్కాను. కుడి చెవి వంతు వచ్చాక అద్దం అవతలి అమ్మాయి నన్ను చూస్తూ ఏవో మీటలు తిప్పుతూ పోయింది. నేను బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. పరీక్ష ఇంకా మొదలు కాలేదనుకున్నాను. అది అయిపోయిందట.

"సడన్ సెన్సోరీన్యూరల్ హియరింగ్ లాస్" అంది డాక్టరమ్మ. "లోపలి చెవి, నరం దెబ్బతిన్నాయి. ప్రొఫౌండ్ లాస్, అంటే వినికిడి దాదాపు పూర్తిగా పోయినట్టు చూపిస్తోంది. ఇది ఎమర్జెన్సీ అమ్మా. స్టెరాయిడ్స్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఛాన్స్. మొదట్లోనే వచ్చి ఉంటే..." అని ఆగి, "సరే, ఇప్పుడైనా చేద్దాం" అంది.

"మా కార్ల మోత వల్లనేనా మేడం?" అని అడిగాడు మహేందర్. అతని గొంతులో నాకంటే ఎక్కువ భయం వినిపించింది.

"చెప్పలేం. వైరస్ కావచ్చు, రక్తప్రసరణ కావచ్చు. చాలామందిలో కారణం దొరకదు. ఎమ్మారై తీసి నరం మీద ట్యూమర్ లేదని చూసుకోవాలి."

ట్యూమర్ లేదు. ఇంట్లో అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, మనసు రాకపోయినా. మోత వల్ల అని తేలినా బాగుండేదేమో, కోపం దేని మీదో ఒకదాని మీద పడేది. మా కార్లు నా చెవి తీశాయో లేదో ఎవరికీ తెలియదు. చెవి మూసుకుపోతే నవ్వుకుంటూ కూర్చోవడం మాత్రం మాకు అవే నేర్పాయి.

స్టెరాయిడ్ మాత్రలతో నిద్ర దూరమైంది, ముఖం ఉబ్బింది, ఎన్నడూ లేని షుగర్ లేచింది. "డోస్ తగ్గించాక మామూలవుతుంది" అన్నారు. చెవి కదల్లేదు. తరువాత ఇంట్రాటింపానిక్ ఇంజెక్షన్లు. అంటే చెవి పరదాకు మత్తు పెట్టి, పరదాలోంచి సూదితో స్టెరాయిడ్ లోపలికి ఎక్కించడం. ఆ చెవి పైకి పెట్టి, మింగకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. మందు గొంతులోకి చేదుగా దిగుతుంటే గది మొత్తం తిరిగేది. ప్రతిసారీ ఇంటికి రాగానే ఫోన్ కుడి చెవికి పెట్టుకుని మహేందర్‌ను పక్కగదిలోంచి ఫోన్ చేయమనేదాన్ని. "వినవడ్తుందా?" అని అరిచేవాడు. గోడ అవతల నుంచి ఎడమ చెవికి వినబడేది.

చివరి ఆడియోగ్రామ్‌లో కింది శ్రుతి శబ్దాలు కొన్ని తిరిగొచ్చాయి. మాటలు రాలేదు. "ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఒక చెవే పనిచేస్తుంటే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియదు. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త." నేను రోడ్డు గురించే అనుకుని తలూపాను.

తల తిరగడం తగ్గగానే టవర్ ఎక్కాను. మహేందర్ వద్దన్నాడు. "ఇంట్ల కూసుంటే ఈ చెవిల మోతకు పిచ్చి లేస్తది నాకు. జెర నన్ను పోనియ్యి" అని బతిమాలాను. మైకు పట్టుకుంటే గ్యాలరీలోంచి ఈలలు వచ్చాయి. అవన్నీ ఎడమ పక్క నుంచే వచ్చాయి. గ్యాలరీ నా ఎదురుగా ఉంది. అప్పుడైనా నాకు బుర్ర వెలగలేదు.

నవీద్ అని పాత కార్ల వ్యాపారి, మా పార్కుకు మొదటి నుంచీ వచ్చే డ్రైవర్. ఆ రోజు అతని కారు పొగలో తిరిగి ఆగిపోయింది. హారన్ కొడుతున్నాడు. నాకు స్పష్టంగా వినబడింది, ఎడమ నుంచి. ఎడమ మలుపు ఎర్రలైటు వేశాను. నవీద్ ఉన్నది కుడి మలుపులో. వెనక వస్తున్న కారు తన ముందు ఎర్రలైటు లేదు కదా అని అడ్డంగా జారుతూ అదే మలుపులోకి పోయింది. నవీద్ వైపు పరిగెడుతున్న మహేందర్ పక్కకు దూకాడు. రేకు చిరిగిన చప్పుడు వచ్చింది. అదీ ఎడమ నుంచే వచ్చింది.

పొగ తేలే దాకా మహేందర్ కనబడలేదు. నేను చంపేశాను అనుకున్నాను. అనుకోవడం కాదు, నాకు ఖాయంగా తెలుసుననిపించింది. పొగలోంచి అతను మోచేతి నిండా నెత్తురుతో లేచి నిలబడ్డాడు. నవీద్ తన భుజం తానే పట్టుకుని, కారు తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. నేను స్విచ్ మీద వేలు తీయకుండా అలాగే నిలబడి ఉన్నానట. మహేందర్ పైకి వచ్చి వేలు తీశాడు.

"ఇగ ఎక్కకు శారదా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాతి రోజులు రాయడం కష్టం. మంచం దిగలేదు. చెవిలో కూత ఆగదు. నలుగురు మాట్లాడే చోట కూర్చుంటే ఏదీ అర్థం కాదు. ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారనుకునేదాన్ని. ఈ తల తీసి పక్కన పెట్టగలిగితే ఎంత బాగుండు అని ఒకరోజు పైకే అన్నాను. మహేందర్ అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "పార్కు బంద్ పెడ్దాం. నువ్వుంటే చాలు నాకు" అన్నాడు. మర్నాడే నన్ను డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టి, నేనన్న మాట ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాడు. ఆమె నన్ను సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. అక్కడ ఇచ్చిన మాత్రలు, ఈ కూతను తట్టుకోవడానికి ఇచ్చే టినిటస్ కౌన్సెలింగ్ మెల్లగా పనిచేశాయి. కూత పోలేదు. అది ఉండగానే వంట చేయడం, నిద్రపోవడం నేర్చుకున్నాను.

పార్కు మూయలేదు. ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా వాకీటాకీతో ఒక మనిషి ఉంటాడు. లోపల పనిచేసే వాళ్లందరికీ మఫ్స్ ఉండాల్సిందే. నేను గేటు దగ్గర టికెట్లు చూసుకుంటాను, కుడి పక్క గోడ ఉండేలా కుర్చీ వేసుకుని.

ఆ మధ్య ఒక పొద్దున, షో లేని రోజు, కారు రిపేరు బిల్లు సంగతి మాట్లాడదామని నవీద్ ఫోన్ చేశాడు. మాటల్లో, "అక్కా, పొద్దున లేశినప్పటి సంది ఎడమ చెవి బంద్ అయింది. ముక్కు కారుతుంది, జుకామ్ అయిందేమో, రేపటికి ఠీక్ అయితది" అన్నాడు. నేను ఆటో మాట్లాడుకుని అతని దుకాణానికి వెళ్లాను. కస్టమర్‌కు కారు చూపిస్తున్నాడు. "తర్వాత పోదాం అక్కా, గిరాకీ ఉన్నది" అన్నాడు.

"నడువ్, ఇప్పుడే. నీ కోసం కాదు, నా కోసం నడువ్" అని కస్టమర్ ముందే చెయ్యి పట్టుకుని లాగాను.

డాక్టరమ్మ ఫోర్క్ నుదుట పెట్టింది. నవీద్ కుడి చెవి, అంటే బాగున్న చెవే, చూపించాడు. "ఈ రోజేనా?" అని అడిగి, ఆమె వెంటనే స్టెరాయిడ్ రాసింది. కొన్ని వారాలకు అతని వినికిడి దాదాపు అంతా తిరిగొచ్చింది. వెంటనే వెళ్లినా అందరికీ రాదట, అతనికి వచ్చింది. ఆ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి వరండాలో అతను నా కుడి పక్కన నడుస్తూ ఏదో అన్నాడట. నేను పలకలేదు. అతను ఆగి, చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి, "మెహర్బానీ అక్కా" అన్నాడు. సంతోషం వేసింది. అంతకంటే ఎక్కువ అసూయ వేసింది. బాత్రూంలోకి వెళ్లి కడుపు నిండా ఏడ్చి వచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే నోరు మూసుకుని "మ్‌మ్" అని మూలిగి చూడండి. ఆ చప్పుడు మూసుకున్న చెవిలో గట్టిగా ఉంటే గులిమో జలుబో కావచ్చు. బాగున్న చెవిలో గట్టిగా ఉంటే నరం కావచ్చు. ఏదీ తేల్చుకోలేకపోయినా సరే, ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి ఆడియోమెట్రీ చేయించమని అడగండి. ఇంట్లో పెళ్లి ఉన్నా వదిలేసి వెళ్లండి. రేపు చూద్దాం అనకండి. నేను అన్నాను.