ఆపరేటరుకే ట్రంకు కాల్

1978 ఎండాకాలం. తిరుపతి ట్రంకు ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్ చేయాలంటే ఆ రోజుల్లో మా దగ్గర ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. మా ముందున్న బోర్డు నిండా జాక్‌లనే రంధ్రాలుండేవి. కార్డ్ అనే తీగ కొసను ఒక జాక్‌లో గుచ్చి నాయుడుపేటనో పుత్తూరునో పిలిస్తే అక్కడి ఆపరేటరు పలికి, తన ఊళ్లో కావలసిన నంబరు కలిపేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో మాకు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండేది కాదు.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం మా సూపర్‌వైజరు సరోజమ్మ గారు బుకింగ్ కౌంటరు నుంచి నన్ను కేకేశారు. “వసంతా, ఈ పెద్దాయన గోడు కొంచెం విను.”

కౌంటరు అవతల చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆయన పేరు మునిరత్నం. కార్వేటినగరంలో కిరాణా అంగడి. మర్నాడు తెల్లవారుజామున తిరుపతి సత్రంలో కూతురి పెళ్లి. మగపెళ్లివారిది సూళ్లూరుపేట.

“మద్దేన్నానికి రావాల్సిన పెండ్లోళ్ల బస్సు ఇంకా రాలా తల్లీ. దావలో ఏమయ్యిందో ఏమో. బిడ్డ ఏడస్తా కూసోనుండాది.”

“వాళ్లింట్లో ఫోన్ ఉందా?”

“ఉండాది. ఎవురు ఎత్తుతారు? అందరూ బస్సెక్కేసినారు గదమ్మా!”

ఇక ఏ నంబరు కలిపీ లాభం లేదు. దారిలో ఉన్న ఊళ్ల ఆపరేటర్లను అడగడం ఒకటే మిగిలింది. అది వాళ్ల ఉద్యోగంలో భాగం కాదు. అందుకే లైను మీద సాయం అడగడానికి మాలో మేము పెట్టుకున్న మర్యాద ఒకటుండేది. అవతలి మనిషి చేతిలో పనుందేమో ముందు కనుక్కోవాలి. విషయం రెండు ముక్కల్లో చెప్పాలి. అప్పటికే ఎక్కడ వెతికామో కూడా చెప్పాలి, లేకపోతే వాళ్లూ అక్కడే వెతుకుతారు. ఆ పైన తొందరపెట్టకూడదు.

“నాయుడుపేటా, చేతిలో పనుందా?”

“ఉండాది గానీ నువ్వు చెప్పక్కా.”

చెప్పాను. తర్వాత శ్రీకాళహస్తికి కూడా చెప్పాను. అక్కడ పలికింది ఒకమ్మాయి. ఇద్దరూ పెట్రోలు బంకులకూ బస్టాండులో టీ అంగళ్లకూ మనుషుల్ని పంపి అడిగించారు. మామిడాకులు కట్టిన పెళ్లి బస్సు ఏదీ ఆ దారిన పోలేదని కాసేపటికి ఇద్దరూ చెప్పారు.

ఆ మాట వినగానే మునిరత్నం గారు బెంచీ మీద కూలబడ్డారు. “అయితే బస్సు దొర్లిపోయినట్టే,” అన్నారు. నాకూ భయం వేసింది.

లైను వదలబోతుంటే శ్రీకాళహస్తి అమ్మాయి ఆపింది. “అక్కా, ఒక మాట. ఇంతమంది సూళ్లేదంటే బస్సు ఈ దోవనే రాలేదేమో. అసలు యాడికని బాడిగ మాట్లాడుకున్నారో సూళ్లూరుపేటలో కనుక్కో.”

సూళ్లూరుపేటను పిలిచాను. అక్కడి ఆపరేటరు ఊళ్లో బస్సులు బాడిగకిచ్చే యజమానికి ఫోన్ చేసి, నవ్వుతూ మళ్లీ లైన్లోకి వచ్చాడు. “మేడమ్, బస్సు మాట్లాడుకుంది తిరుపతికి కాదంట, కార్వేటినగరానికంట! సత్యవేడు మీదుగా పొయ్యుంటారు.”

మునిరత్నం గారు తల బాదుకున్నారు. “ఓరి దేవుడా! పెండ్లి మొదుట్లో మా ఇంటికాడే అనుకున్నాం. మాయమ్మ మొక్కుండాదని తిరపతికి మార్చినాం. మధ్యవర్తితో చెప్పి పంపినానే!”

ఆ మధ్యవర్తి జ్వరంతో మంచం పట్టి, ఆ కబురు ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది.

పుత్తూరు ద్వారా కార్వేటినగరం పట్టుకున్నాను. అక్కడ ఫోను పోస్టాఫీసులో ఉండేది. పోస్టుమాస్టరు గారే ఎత్తారు.

“ఆ బస్సా? మునిరత్నం ఇంటి ముందరే ఉండాది తల్లీ. ఇంటికి బీగం. పక్కిండ్లోళ్లూ పెండ్లికే పోయినారు, యాడికని చెప్పేవాళ్లు లేరు. జనమంతా అరుగు మీద ఉండారు. పెండ్లికొడుకు పెదనాయన వీధంతా ఇనపడేట్టు అరస్తా ఉండాడు. ఈ సంబంధమే వద్దు, ఎనక్కి తిప్పండి బస్సు అంటాడు. డ్రైవరు టీకి పోయినాడు కాబట్టి ఆగినారు.”

“ఆయన్ను ఫోను దగ్గరికి తీసుకురాగలరా?”

“నేనే పోయి పిల్చకొస్తా. లైను వదలద్దు.”

సరోజమ్మ గారు దాన్ని పీపీ కాల్‌గా రాసుకున్నారు. ఫలానా మనిషితోనే మాట్లాడాలని పేరు చెప్పి చేసుకునే బుకింగును అలా అంటారు. మాటలు వినకూడదన్నది మా నియమం. కానీ మునిరత్నం గారు బూత్ తలుపు వేసుకోలేదు. ఆ పెదనాయన గొంతుకు అసలు ఫోను అవసరమే లేదు.

“ఏమప్పా! పెండ్లికని పిల్సి ఇంటికి బీగమేస్తావా? మేమేమన్నా బిచ్చానికొచ్చినామా?”

“అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. మీకోసం ఈడ తిరపతిలో ఆకులేసుకోని కూసోనుండాము.”

“తిరపతిలోనా? తిరపతిలో ఎందుకప్పా?”

మునిరత్నం గారు మొక్కు సంగతి, మధ్యవర్తి సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పారు. మేమంతా బూత్ వైపే చూస్తున్నాం.

“కూరలేమి చేసినారు?” అని వినిపించింది.

“గుత్తొంకాయ, పులిహోర, పాయసం... అన్నీ సల్లారిపోయినాయన్నా. మళ్లా చేయిస్తా.”

“పాయసం సల్లారినా బాగుంటాది. పారబోయొద్దు. వస్తా ఉండాము.”

సరోజమ్మ గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మునిరత్నం గారు పరుగున వెళ్లబోతూ నా మాట విని ఆగారు. నేను మళ్లీ నాయుడుపేటను, శ్రీకాళహస్తిని, సూళ్లూరుపేటను పిలిచి, “బస్సు దొరికింది, ఇక వెతకొద్దు,” అని చెబుతున్నాను.

“ఎవురికమ్మా చెప్తా ఉండావు?”

“మీ బస్సు కోసం వెతికినవాళ్లకు.”

ఆయన ఏదో అడగబోయి, టైము చూసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. వెంట పసుపు బట్టల్లో కూతురు, అల్లుడు, వాళ్ల వెనక భోజనాల గంప. గంప మా ఆఫీసు లోపలికి చేరాక ఆయన కౌంటరుకు తిరిగారు. “కాల్స్ బుక్ చేయాల. నాయుడుపేట, కాళాస్తి, సూళ్లూరుపేట, పుత్తూరు, మా పోస్టుమాస్టరు.”

“నంబర్లు?” అన్నారు సరోజమ్మ గారు.

“నంబరేముంది తల్లీ! మీ మాదిరి ఆడ కూసోనుంటారే, వాళ్లకే.”

సరోజమ్మ గారు నా వైపు చూశారు. ఆపరేటరుకు కాల్ బుక్ చేసినవాళ్లను మేమెన్నడూ చూడలేదు. “పీపీగా రాస్తాను. పేర్లు చెప్పండి,” అన్నారు. ఆయనకెలా తెలుస్తాయి? నాకే తెలియవు. రోజూ ఆ గొంతులతోనే పని చేస్తూ ఊరి పేర్లతోనే నెట్టుకొచ్చాం.

“నాయుడుపేటా, నీ పేరేంటి?”

అటువైపు గొంతు మారిపోయింది. “ఎందుకక్కా? కంప్లైంటు ఇచ్చినారా?”

“కాదయ్యా. నీకు ట్రంకు కాల్ వచ్చింది.”

“నాకా?” అని ఇంకోసారి అడిగి, “సుబ్రమణ్యం,” అన్నాడు.

శ్రీకాళహస్తి అమ్మాయి ధనలక్ష్మి. సూళ్లూరుపేట మస్తాన్. పుత్తూరు రాజేశ్వరి. ఒక్కొక్కరికీ మునిరత్నం గారు దండం పెట్టి మరీ మాట్లాడారు. పెళ్లికూతురు రిసీవరు అందుకుని ధనలక్ష్మితో, “అక్కా, నువ్వు ఆ మాట చెప్పకపోయింటే నా పెండ్లి ఆగిపోయుండేది,” అంది. ఆ సాయంత్రం ధనలక్ష్మి నాకు మళ్లీ పలికింది. “ఎంతమందికో కలిపినా గానీ, నాకని ఒక కాల్ రావడం ఇదే అక్కా,” అంది.

సాయం ఎలా అడగాలో మాకు అంతకుముందే తెలుసు. పనైందని చెప్పి ముగించడమూ తెలుసు. ఆ పని ఒక ఇంటికి ఎంత మేలు చేసిందో, చేసినవాళ్లను పేరు పెట్టి పిలిచి చెప్పాలని మాత్రం మునిరత్నం గారే నేర్పారు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు కార్డ్ ఎలా గుచ్చాలో చూపించడానికి ముందే, అవతలి ఊరిని పిలిపించి పేరు అడిగించేదాన్ని.