బాపు నిప్పులు తొక్కిన పాదం

పీర్ల పండుగకు మా బాపు ప్రతి ఏడూ నిప్పులు తొక్కుతాడు. కోటగిరి పక్కన మా ఊళ్లో పెద్ద పీరును ఎత్తుకునేది మా ఇంటివాళ్లే. తాత పోయాక ఆ పని బాపుకు వచ్చింది. రంగు గుడ్డల దట్టీలు కట్టిన పీరును పట్టుకుని, పీర్ల కొట్టం ముందు గుంతలో ఎర్రగా పరిచిన నిప్పుల మీద నడిచి అవతలికి వస్తాడు. కాలదా బాపూ అని చిన్నప్పుడు అడిగితే, "పీరు చేతుల ఉండంగ ఎట్ల కాల్తది?" అనేవాడు. ఊరు ఆ మాట నమ్మింది. నాకు మాత్రం అనుమానం పోలేదు.

ఈసారి పండుగైన వారానికి అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసింది. బాపు చెప్పు విడిస్తే వాసన వస్తోందట. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నేనుండే ఇంటి చుట్టూ క్లినిక్కులే కాబట్టి, పట్టుబట్టి అక్కడికి రప్పించాను. అరికాలిలో బొబ్బ పగిలి చీము పట్టింది. చిటికెనవేలు నల్లబడింది. ఆయన మాత్రం క్లినిక్ మెట్లు చకచకా ఎక్కాడు.

"గింత దానికి దవాఖానెందుకే? నొస్తనే లేదు."

డాక్టరమ్మ ఆయన్ని కళ్లు మూసుకోమంది. సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని ఒక్కోచోట తాకుతాననీ, తాకినప్పుడల్లా చెప్పమనీ అంది. బాపు బడిపిల్లవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె మడమలు, వేళ్ల కింద, రెండు పాదాలూ ముగించి పోగు పక్కన పెట్టింది.

"ఇగ షురు జెయ్యుండ్రి మేడం," అన్నాడు బాపు.

ఏళ్ల తరబడి షుగర్ ముదిరి పాదాల నరాలు చచ్చుబడ్డాయని ఆమె చెప్పింది. మామూలుగా నిప్పు మీద కాలు పడితే, మంట సంగతి మెదడుకు చేరేలోపే వెన్నుపాము కాలిని వెనక్కి లాగేస్తుందట. బాపు పాదం నుంచి ఆ కబురే బయలుదేరడం లేదు. వేలు దక్కుతుందో లేదో కొన్నాళ్లు చూస్తే గానీ చెప్పలేమంది.

కోపమొస్తే నా నోరు ఆగదు. ఆటోలో కూర్చోగానే అందుకున్నాను.

"పీరు మహిమ, పీరు మహిమ అన్నవ్ గదా! మహిమ లేదు, ఏం లేదు. నరాలు చచ్చినయట. మల్ల ఆ గుంత దిక్కు పో, చెప్త నీ సంగతి!"

బాపు కట్టు కట్టిన పాదాన్ని చూసుకున్నాడు.

"ఇన్నేండ్లు కాలింది బిడ్డా," అన్నాడు. "ప్రతిసారి కాలింది. కాలు ఎనకకే గుంజేది. పండ్లు కరుసుకొని నడిసేటోణ్ణి. మీ తాతకు కాలలే, నాకే కాల్తుంది, నాలనే ఏదో తప్పున్నదనుకునేటోణ్ణి. ఎవ్వలకు చెప్పలే. మీ అవ్వకు గూడ చెప్పలే."

నాకు ఏడుపొచ్చింది.

"ఈసారే సల్లగుండె. పీరు నన్ను ఇప్పటికి ఒప్పుకున్నడని ఎంత సంబురపడ్డనో. అది గూడ షుగరేనా బిడ్డా?"