ఆరువేల వేగం

రాజోలులో పెళ్లి ఆల్బమ్ అంటే సాయిదుర్గే. ఫొటోలు తీసేది స్టూడియోవాళ్లు. పేజీలు పేర్చి, మొటిమలు చెరిపి, కువైట్, మస్కట్ చుట్టాల్ని తెచ్చి మండపంలో నిలబెట్టేది ఆమె. ఏ పెళ్లిలోనైనా రానివాళ్లే ముందు వరసలో పడతారు, ఇస్త్రీ చొక్కాలతో సహా. మొదట్లో ఆ తలలు అతికిస్తూ తెగ నవ్వుకునేది. ఇప్పుడు నవ్వూ రాదు, విసుగూ రాదు. నాలుగేళ్లుగా ఇంటికి రాని మొగుణ్ని కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలో తనే అతికించింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు. భుజం దగ్గర నీడ మాత్రం సరిచేసింది.

దోహాలో పనిచేసే ఆ మొగుడు మోహన్, సెలవుకొచ్చిన స్నేహితుడి పెట్టెలో, లుంగీలో చుట్టి, ఆమె కంప్యూటర్ వేగం పెంచే రెండు ర్యామ్‌లు పంపాడు. డబ్బా మీద వేగం 6000 అని ఉంది. అమలాపురం మెకానిక్ శ్యామ్ బాబు వచ్చి పాతవి పీకి, ఇవి బిగించి, డబ్బా మీదున్న వేగమే పెట్టి వెళ్లాడు.

అప్పట్నుంచీ ఆల్బమ్ ఫైలు అరవై శాతం తయారయ్యేసరికి కంప్యూటర్ గుటుక్కుమంటోంది. ఇవాళ సాయంత్రం ఆరుకి ఫైలు ప్రింటింగ్‌కి వెళ్లాలి. వెళ్లకపోతే ఈ సీజన్ పనంతా రావులపాలెంలో ఇంకొకరికి ఇచ్చేస్తామని స్టూడియోవాళ్లు చెప్పేశారు.

శ్యామ్ బాబు మళ్లీ వచ్చి, మూత ఊడదీసి, స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కున్నాడు.

"ర్యామ్‌లు బంగారంలా ఉన్నాయక్కా. మీ కంప్యూటర్ బోర్డే 5200 దాటి మొయ్యలేదు. మండపేట లారీ ఎంత స్పీడొచ్చినా, కాలవ వంతెన మీద మెల్లగా పోవాలి కదండి."

"అయితే తగ్గించెయ్ తమ్ముడూ."

"మరి బావగారో?"

అదీ చిక్కు. మోహన్ రోజూ వీడియో కాల్‌లో ఆ అంకె చూపించమంటాడు. తన గదిలో ఉండే ఆరుగురికీ చూపించి మీసం తిప్పుతాడు. ఆగిపోతోంది, వేగం తగ్గించి చూడనా అని నిన్న అడిగితే ససేమిరా అన్నాడు.

"తెర ఫొటో తీసి అంకె మీరే మార్చి, కాల్‌లో అదే చూపించేయండక్కా. దోహాలో ఉన్నోళ్లని రాజోల్లో నిలబెడతారు, నాలుగంకెలు మీకో లెక్కా?"

సాయిదుర్గ మౌస్ మీద చెయ్యి పెట్టింది. రెండు నిమిషాల పని. చెయ్యి కదల్లేదు. అబద్ధం ఆడడానికైనా కాస్త ఆసక్తి ఉండాలి.

"5200 పెట్టెయ్," అంది.

ఫైలు నడుస్తుండగా మోహన్ ఫోన్ చేశాడు.

"ఏదీ, చూపించు."

చూపించింది.

"ఇదేంటే, తగ్గింది?"

"ఆయ్, నేనే తగ్గించమన్నానండి. ఆరువేలు పెడితే ఆగిపోతంది. ఇయ్యాళ ఫైలెళ్లకపోతే నా పని పోద్ది."

"అయితే నేను పంపింది వేస్టేనా?"

"వేస్టెందుకవుద్దండీ. పనిచేస్తంది. మీరనుకున్నంత కాదు, అంతే."

అవతల ఎవరో నవ్వారు. మోహన్ ఫోన్ పైకి తిప్పేశాడు. కాసేపు ఫ్యాను రెక్కలే కనిపించాయి.

"సరే. ఫైలెళ్లాక చెప్పు," అని పెట్టేశాడు.

అరవై దాటింది. ఎనభై దాటింది. ఐదున్నరకి ఫైలు వెళ్లిపోయింది. ఆ పెళ్లి తనే చేయించినట్టు శ్యామ్ బాబు చేతులు దులుపుకున్నాడు.

'వెళ్లింది' అని సాయిదుర్గ మోహన్‌కి మెసేజ్ పెట్టింది. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఫోన్ బోర్లా పెట్టి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుంది. ఉప్పు వెయ్యలేదని సగం తిన్నాక గానీ తెలియలేదు.