ఆరో రోజు శోకం

గద్వాలలో మా అత్తవారింట్లో నాలుగు మగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులో ఏది చెప్పాలన్నా అరిచి చెప్పాల్సిందే. అలాంటి ఇంట్లో మా తోడికోడలికి గొంతు పోయింది. మెడ మీది గడ్డ కోయించుకున్నాక గొంతులో ఒక పక్క చచ్చుబడింది. నోరు తెరిస్తే గాలే తప్ప మాట వచ్చేది కాదు. నీళ్లు తాగితే పొలమారేది. ఏదైనా కావాలంటే చప్పట్లు కొట్టేది. మొదట్లో అందరం తిరిగి చూసేవాళ్లం. తర్వాత తర్వాత నేను విననట్టే ఊరుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

ఇంగ్లీషు సీమకు పోయి చదువుకొచ్చిన ఒక డాక్టరు హైదరాబాదు దవాఖానలో సూది వేసి మాట తెప్పిస్తాడని ఆమె మొగుడికి, అంటే మా మరిదికి, ఎవరో చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. రైల్లో నిలబడే పోయాం ముగ్గురం. డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి, చిన్న అద్దంలో చూస్తూ పొడవాటి వంకర సూదిని నోట్లోంచి లోపలికి దించాడు. మైనం లాంటి మందట. గొంతులోని రెండు తీగల్లో చచ్చుబడినది ఆ మందుతో ఉబ్బి రెండోదానికి తగిలితే మాట వస్తుందట. ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. డాక్టరు “ఈ” అనమన్నాడు. అంది. రెండేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను. మా మరిది గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

డాక్టరు ఉర్దూలో చెప్పిన జాగ్రత్తలను కంపౌండరు నాకే తెలుగులో చెప్పాడు, పెద్దదాన్నని. “పది దినాలు నోరు తెరవొద్దు. గుసగుస గూడ వద్దు. మందు జారితే మల్ల కుదరదు.” నేను సరేనని తల ఊపాను.

రైలు దిగిన రోజే వాడంతా తిరిగి మాట వచ్చిందని, నేనే దగ్గరుండి తెప్పించానని చెప్పొచ్చాను. మా ముగ్గురికే తెలిసిన పది రోజుల సంగతి మాత్రం దాచాను. అది చెబితే నా గొప్ప తగ్గుతుందనిపించింది.

ఆరో రోజు పొద్దున మా మామగారు మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మా వైపు చావింట్లో కోడళ్లు శోకాలు పెట్టాలి. వచ్చిన ప్రతి చుట్టం మెడ పట్టుకుని, పోయినవాళ్ల మంచితనం తలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. ఏ కోడలు ఎట్లా ఏడ్చిందో నెల రోజులు చెప్పుకుంటారు. నాకు ఆ విద్య బాగా వచ్చు. ఆమె మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని మూలన కూర్చుంది. కళ్లు వాచిపోయాయి. ఆమె చప్పట్లు వింటే మగ్గం ఆపే మనిషి ఇంట్లో ఆ మామగారొక్కడే.

వడ్డేపల్లి నుంచి మామగారి చెల్లెలు వచ్చింది. నన్ను పట్టుకుని ఏడ్చి, తోడికోడలి వైపు తిరిగింది.

“ఏందే, గొంతొచ్చిందంటిరి గద? గంత మంచి మామ పోతే ఒక్క శోకం గూడ పెట్టకపాయె. గిదేం కోడలు!”

వాకిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి. డాక్టరు వద్దన్నాడని ఒక్క మాట అంటే అయిపోయేది. ఇంటి పరువు పోతోందనుకున్నాను. పోతున్నది నా గొప్పే. ఆమె తొడ మీద గిచ్చి చెవిలో అన్నాను: “ఒక్కపారి అనవే. జర సేపే. ఏం గాదు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ గిచ్చాను.

“ఓ మామా! నా సప్పుడు ఇంక ఎవరింటరు మామా!”

వాకిలంతా ఘొల్లుమంది. వడ్డేపల్లి అత్త ఆమెను కావలించుకుని ఏడ్చింది. నాకు ఆ క్షణాన గర్వంగానే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దకర్మ నాటికి ఆ గొంతు మళ్లీ గాలైపోయింది. మా మరిది ఆమెను ఇంకోసారి హైదరాబాదు తీసుకుపోయాడు. మందు జారింది, ఇక లాభం లేదన్నాడట డాక్టరు. ఇంటికొచ్చాక మరిది ఆమె ముందు కూలబడ్డాడు.

“వద్దని చెప్తే ఎందుకు ఒర్లితివే?”

“దుఃఖం ఆగలే” అంది ఆమె, గాలిలో గాలిగా.

నేను పక్కనే బియ్యం చెరుగుతున్నాను. ఆమె నావైపు చూడలేదు. మరిదే తిరిగాడు. “నువ్వన్న ఆపకపోతివా వదినా?”

“దుఃఖంల ఉన్న పిల్లను ఎట్ల ఆపుత?” అన్నాను.

ఆమె బతికినన్నాళ్లూ నేనన్న ఆ మాట అబద్ధమని ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.