ముందే తేలిన లెక్క

నరసరావుపేట స్టేషనులో మాచర్ల బండి కోసం కూర్చున్నాను. అప్పట్లో పల్నాటి శాసనాల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా రాతి మీద సున్నం కొట్టి అక్షరాలు పూడ్చేసి ఉండేవి. తిరిగి తిరిగి విసిగిపోయి, ఇక మానేద్దామా అనుకుంటున్న రోజులు.

పక్కన కూర్చున్నాయన కాలేజీలో లెక్కల లెక్చరరట. నా పని సంగతి విని, తన సంగతి చెప్పాడు. ఒక సిద్ధాంతాన్ని నిరూపించడానికి ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, చివరికి సాధించాడు. అచ్చుకు పంపుదామనుకుంటుండగా, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన పాత పత్రికలో అదే నిరూపణ కనిపించింది.

“ఇంటికెళ్ళి పడుకున్నానండీ. మా అమ్మ కూలికెళ్ళొచ్చి, ‘ఏందిరా అట్టా ఉన్నావు? లెక్క తప్పొచ్చిందా?’ అంది. ‘లేదమ్మా, రైటే. కాకపోతే ఇంగ్లండులో ఒక దొర నాకన్నా ముందే చేశాడు’ అన్నా. ‘ఆయనకీ అంతే వచ్చిందా?’ అంది. వచ్చిందన్నా. ‘మరింకేందిరా!’ అని పొయ్యి దగ్గరికి పోయింది.”

చెప్పి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు. ఈలోగా బండి వచ్చింది. ఆయన పేరైనా అడగలేదు.

కొన్నాళ్ళకు, నేను ఎండలో కూర్చుని కూడబలుక్కుని చదివిన ఒక శాసనాన్ని ఇంకొకాయన నాకంటే ముందే చదివి అచ్చు వేయించాడని తెలిసింది. తెప్పించి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆయనకీ అంతే వచ్చింది, మరింకేంది అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.